స్టార్టర్ షాఫ్ట్ జారుతోందా? షాఫ్ట్‌ను తిట్టకండి

నైట్రో హెలికాప్టర్ (మిథనాల్ కలిసిన ఇంధనంతో ఎగిరే రిమోట్ కంట్రోల్ మోడల్) ఏదైనా రిపేరుకు నా బల్ల మీదికి వచ్చిందంటే, దాంతోపాటు చిన్న కవర్లో కొత్త స్టార్టర్ షాఫ్ట్ (చేతి స్టార్టర్ మోటారుతో ఇంజిన్‌ను తిప్పే కడ్డీ) కూడా వస్తుంది. "షాఫ్ట్ పోయిందన్నా, ఇది వేసిచ్చెయ్" అంటారు. మొన్న వచ్చిన కుర్రాడు తెచ్చింది మూడోది. జీతం డబ్బులు కూడబెట్టి పాత 50 సైజు (0.50 ఘనపు అంగుళాల ఇంజిన్) హెలికాప్టర్ కొనుక్కున్నాడట. ఇంజిన్ కూడా పోయిందేమోనని రాత్రంతా నిద్రలేదట.

అపోహ: షాఫ్ట్ నాసిరకం, అందుకే జారుతోంది. స్టార్టర్ ఇంకాస్త గట్టిగా అదిమితే అందుకుంటుంది.

వాస్తవం: పదింట ఎనిమిదిసార్లు నేను చూసేది ఇంధనంతో నిండిపోయిన ఇంజినే. ట్యాంకు నింపేటప్పుడు కార్బురేటర్ వైపు ట్యూబుకు క్లిప్ పెట్టరు. ఇంధనం నేరుగా ఇంజిన్లోకి దిగుతుంది. గాలినైతే పిస్టన్ నొక్కగలదు, ద్రవాన్ని నొక్కలేదు. మీరేమో పైనుంచి 12 వోల్టుల స్టార్టర్‌తో తిప్పుతుంటారు. ఆ బలమంతా ఎటు పోవాలి? షాఫ్ట్ పైకొనకు బిగించిన ఆరు పలకల ముక్కను, అంటే హెక్స్ కప్లర్‌ను, స్టార్టర్ పట్టుకుని తిప్పుతుంది. ముందు ఆ కప్లర్లోని గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) జారుతుంది, షాఫ్ట్ మీద ఆ స్క్రూ ఆనే చదును అరిగి గుండ్రమవుతుంది. అలా జారిందంటే మీ అదృష్టం. జారకపోతే పిస్టన్‌కు తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నా మొదటి ఇంజిన్ అలాగే పోయింది. అప్పట్లో ఎవరో చెప్పిన మాట విని కప్లర్‌ను ఎర్ర లాక్టైట్‌తో (స్క్రూలు ఊడకుండా పట్టేసే జిగురు, ఎర్రది గట్టి రకం) బిగించాను, ఇక జారదని మహా సంబరపడ్డాను. జారలేదు మరి. వంగిన రాడ్ చాలా రోజులు తాళంచెవుల గుత్తికి వేలాడింది.

స్టార్టర్ ఆగిపోతే అక్కడితో చెయ్యి తియ్యండి. గ్లో ప్లగ్ (ఇంధనాన్ని అంటించే ప్లగ్) విప్పి, మొహం పక్కకు పెట్టుకుని, రంధ్రం మీద గుడ్డ కప్పి రెండు మూడు సెకన్లు తిప్పండి. ఆ ప్లగ్‌ను వేడెక్కించే గ్లో డ్రైవర్‌ను దూరంగా పెట్టండి. మిథనాల్ మంట పట్టపగలు కంటికి ఆనదు.

షాఫ్ట్ నిజంగా వంగిందా అన్నది ఊగడాన్ని కొలిచే డయల్ గేజ్ చెప్పాలి, కన్ను కాదు. 0.05 మిల్లీమీటర్లకు మించి ఊగితే నేను మార్చేస్తాను. సుత్తితో సరిచేస్తామనే వాళ్లకు దణ్ణం. వెల్డింగ్ సంగతి ఎత్తనే ఎత్తకండి.

లాక్టైట్ ఎంత ఎక్కువైతే అంత పట్టు అన్నదీ అబద్ధమే. స్క్రూ మరలకున్న నూనె తుడిచి, నీలం రంగు 243 ఒక్క చుక్క వేస్తే చాలు. ఎక్కువైతే బేరింగ్‌లోకి పాకి అదీ పట్టేస్తుంది. స్క్రూ కొన చదును మీదే కూర్చోవాలి, పక్కన కాదు. అలెన్ కీ అరిగిపోయినదైతే ముందు అది పారేయండి.

వన్‌వే బేరింగ్ (ఒక్క వైపు తిప్పితేనే పట్టుకునే బేరింగ్) పోయిందని తెచ్చేవాళ్లలో కొందరు బ్యాటరీ వైర్లు తారుమారు చేసినవాళ్లే. స్టార్టర్ ఉల్టా తిరుగుతుంటుంది, అంతే.

ఆ కుర్రాడి ఇంజిన్ ప్లగ్ విప్పి తిప్పితే గుడ్డ మొత్తం తడిసింది. షాఫ్ట్ నిటారుగానే ఉంది, పాడైంది గ్రబ్ స్క్రూ ఒక్కటే. తెచ్చిన షాఫ్ట్‌ను కవర్ విప్పకుండానే జేబులో పెట్టుకుని వెళ్లాడు. ట్యూబు క్లిప్ ఒకటి నేనే ఇచ్చి పంపాను.