రౌటర్‌లో కమాండ్ ఇంజెక్షన్: వైఫై పాస్‌వర్డ్ మార్చితే పోయే తెగులు కాదు

విజయవాడ, గుంటూరుల్లో చిన్న ఆఫీసులకు, క్లినిక్‌లకు, మిర్చి కమిషన్ కొట్లకు నెట్‌వర్క్‌లు చూసిపెట్టడం నా పని. "వైఫైకి గట్టి పాస్‌వర్డ్ పెట్టామండీ, ఇక భయమేముంది?" అనే మాట గవర్నర్‌పేటలోనూ వింటాను, అరండల్‌పేటలోనూ వింటాను. అన్నిటికన్నా మొండి అపోహ అదే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: వైఫై పాస్‌వర్డ్ గట్టిదైతే రౌటర్‌లోకి ఎవరూ రాలేరు.

ఆ పాస్‌వర్డ్ పక్క ఫ్లాటు కుర్రవాడు మీ నెట్ వాడుకోకుండా ఆపుతుంది. దాని పని అంతవరకే. కమాండ్ ఇంజెక్షన్, అంటే బయటివారి ఆదేశాన్ని రౌటర్ తనదే అనుకుని నడిపేయడం, అనే లోపం రౌటర్ తయారుచేసినవాళ్లు రాసిన ప్రోగ్రాంలో ఉంటుంది.

రౌటర్ అంటే చాలావరకు ఒక చిన్న లైనక్స్ కంప్యూటర్. దాని సెట్టింగుల్లో 'పింగ్ టెస్ట్' అని, ఒక అడ్రసు నుంచి జవాబు వస్తోందో లేదో చూసే పేజీ ఉంటుంది. నెట్ రావడం లేదని ఫోన్ చేస్తే ఆపరేటర్ మనిషి వచ్చి తెరిచేది తరచుగా ఈ పేజీనే. అక్కడి గడిలో 8.8.8.8 వంటి అడ్రసు కొట్టి బటన్ నొక్కుతారు. నిర్లక్ష్యంగా రాసిన ప్రోగ్రాం అయితే 'పింగ్' అనే మాట పక్కన మీరు కొట్టినదాన్ని ఉన్నదున్నట్టు అతికించి, మొత్తం వరుసను షెల్‌కు, అంటే రాసిన ఆదేశాలను చదివి నడిపే ప్రోగ్రాంకు, అప్పగిస్తుంది. సెమికోలన్ కనిపిస్తే షెల్‌కు ఒక ఆదేశం ముగిసి రెండోది మొదలైనట్టు లెక్క. అంటే 8.8.8.8 తరువాత సెమికోలన్ పెట్టి 'రీబూట్' అని రాస్తే, పింగ్ ముగియగానే రౌటర్ రీస్టార్ట్ అవుతుంది. దాని బదులు ఫలానా సర్వర్ నుంచి ఫలానా ఫైలు దించుకుని నడపమని రాసినా మారుమాట్లాడకుండా చేస్తుంది. యజమాని రాసిచ్చిన చీటీ అడుగున ఇంకెవరో 'గల్లాపెట్టె కూడా ఇచ్చి పంపు' అని రాస్తే, చేతిరాత చూడకుండా గుమాస్తా ఇచ్చేసినట్టు. పైగా ఇళ్లలో వాడే చాలా రౌటర్లలో ఈ పనులన్నీ రూట్ అధికారంతోనే, అంటే ఏదైనా చేయగల పూర్తి అధికారంతోనే నడుస్తాయి.

దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. షెల్‌ను మధ్యలోకి పిలవకుండా పింగ్‌ను నేరుగా నడిపి, అడ్రసును విడిగా అందిస్తే సెమికోలన్ ఉత్త అక్షరంగా మిగిలిపోతుంది. ఇంత తెలిసిన తప్పు ఏటా కొత్త మోడళ్లలో మళ్లీ బయటపడుతోందంటే, నా దృష్టిలో అది అజ్ఞానం కాదు, పరీక్షించకుండా పెట్టె అమ్మేయడం.

అపోహ: ఆ పేజీ తెరవాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి కదా.

కావాలి. కానీ అడిగే బాధ్యత కూడా ఆ ప్రోగ్రాందే. 2018లో డాసన్ జీపాన్ రౌటర్లలో, అంటే ఫైబర్ కనెక్షన్లకు ఇచ్చే పెట్టెల్లో, రెండు లోపాలు జంటగా బయటపడ్డాయి. అడ్రసులో చిన్న తోక తగిలిస్తే లాగిన్ అడగకపోవడం మొదటిది (సీవీఈ-2018-10561; సీవీఈ అంటే బయటపడిన లోపానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య). పైన చెప్పిన పింగ్ గడి రెండోది (సీవీఈ-2018-10562). రెండూ కలిస్తే ఇక పాస్‌వర్డ్‌తో పనేముంది?

టీపీ-లింక్ ఆర్చర్ ఏఎక్స్21లో అయితే దేశం పేరు ఎంచుకునే చోటే లోపం (సీవీఈ-2023-1389). లాగిన్ అక్కర్లేదు. మొదటి అభ్యర్థనలో పంపిన ఆదేశం అక్కడ నిలిచి ఉంటుంది, అదే మళ్లీ పంపితే అమలవుతుంది. 2023 మార్చిలో కంపెనీ సవరించిన ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి ప్రోగ్రాం) ఇచ్చింది. ఏప్రిల్‌కల్లా మిరాయ్ బాట్‌నెట్, అంటే వైరస్‌తో లొంగదీసుకున్న పరికరాల దండు, ఆ లోపాన్ని వాడుకోవడం మొదలుపెట్టింది. అప్‌డేట్ తరువాత చూద్దాంలే అనేవాళ్లకు ఈ తేదీలే చూపిస్తాను.

అపోహ: రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నెట్ నుంచి రౌటర్ సెట్టింగులు తెరిచే సౌకర్యం) ఆపేశాను, బయటినుంచి దారే లేదు.

ఆపడం మంచిదే, తప్పక ఆపండి. అయితే మీ బ్రౌజర్ ఇంటి లోపలే ఉందని మరవకండి. 2016 డిసెంబరులో నెట్‌గేర్ ఆర్7000 వంటి మోడళ్లలో బయటపడిన లోపానికి ఒక్క లింకు చాలు: రౌటర్ అడ్రసు, దాని వెనక సెమికోలన్, ఆపైన ఆదేశం. ఏదో వెబ్ పేజీలో ఆ లింకును కనబడకుండా దాచిపెడితే, పేజీ తెరిచినవారి బ్రౌజరే లోపలినుంచి రౌటర్‌కు ఆదేశం ఇచ్చేస్తుంది.

అపోహ: రీస్టార్ట్ చేస్తే వైరస్ పోతుంది.

మిరాయ్ జాతివి మెమరీలోనే ఉంటాయి కాబట్టి చాలావరకు పోతాయి. లోపం పోదు, అలాంటి రౌటర్ల కోసం నెట్‌లో గాలించే బాట్‌లు మళ్లీ వస్తాయి. 2018లో కనిపెట్టిన వీపీఎన్‌ఫిల్టర్ అనే రౌటర్ వైరస్ మొదటి భాగమైతే రీస్టార్ట్‌కు కూడా చెరగలేదు.

అపోహ: "మా కొట్లో ఏముందని వస్తారండీ?"

మిర్చి యార్డు దగ్గరి కొట్లలో ఎర్రటి దుమ్ము పట్టిన రౌటర్ సీసీ కెమెరా రికార్డర్ పక్కనే ఉంటుంది. బిల్లుల కంప్యూటర్, బ్యాంకు లావాదేవీల ఫోను అన్నీ దాని మీదే. రౌటర్ చేతికి చిక్కితే డీఎన్ఎస్ (సైటు పేరును బట్టి దాని అడ్రసు చెప్పే ఏర్పాటు) మార్చి మిమ్మల్ని నకిలీ పేజీలకు మళ్లించవచ్చు. అదేమీ చేయకపోయినా మీ నెట్‌ను ఇంకొకరి మీద దాడికి వాడతారు. 2016 అక్టోబరులో డైన్ (Dyn) అనే డీఎన్ఎస్ సంస్థను పడగొట్టిన మిరాయ్ దండులో ఉన్నవి ఇలాంటి కెమెరాలు, రికార్డర్లు, రౌటర్లే. అప్పట్లో అది కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లతో చొరబడేది. దాని వారసులు కమాండ్ ఇంజెక్షన్ నేర్చుకున్నాయి.

అపోహ: అప్‌డేట్లు ఆపరేటర్ చూసుకుంటారు.

కొందరు చూసుకుంటారు. చాలాచోట్ల ఎవరూ చూసుకోరు. ఆపరేటర్ ఇచ్చిన పెట్టెలో ఫర్మ్‌వేర్ మార్చే అధికారం మీకు ఉండకపోవచ్చు. అప్పుడు దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి కనెక్షన్‌ను మాత్రం దాటించేలా, పెట్టమని అడిగి, వెనక మీ సొంత రౌటర్ పెట్టుకోండి. సొంతదైనా కాలం చెల్లితే కంపెనీ చేతులెత్తేస్తుంది. 2025 ఫిబ్రవరిలో జైక్సెల్ అనే కంపెనీ తన పాత మోడెమ్‌లలోని ఇలాంటి లోపాలకు సవరణ ఇవ్వకుండా వాటిని మార్చుకోమని చెప్పేసింది.

కాబట్టి బీసెంట్ రోడ్డులో తక్కువ ధరకు దొరికిందని కొనేముందు, పెట్టె అడుగున స్టిక్కర్ మీది మోడల్ పేరు, దాని పక్కనే చిన్నగా ఉండే హార్డ్‌వేర్ వెర్షన్ రెండూ చూడండి. ఒకే పేరుతో ఉన్న రెండు వెర్షన్లకు ఫర్మ్‌వేర్ వేరు. కొట్లో నిలబడే ఫోనులో కంపెనీ సైటు తెరిచి, ఆ వెర్షన్‌కు చివరి ఫర్మ్‌వేర్ ఎప్పుడు వచ్చిందో చూడండి. కొన్నేళ్లుగా ఏమీ రాలేదంటే, ఎంత తగ్గించి ఇస్తామన్నా తీసుకోకండి.