మదరసా హాస్టల్లో బెత్తం: 2012 సవరణ వదిలేసిన సంగతి

గుంటూరు, విజయవాడ మదరసా హాస్టళ్లలో క్రమశిక్షణ మీద వాదన మళ్లీ రాజుకుంది. అదబ్ (మంచీ మర్యాదా) నేర్పుతున్నామని నిర్వాహకులంటే, బెత్తంతోనా అని తల్లులు అడుగుతున్నారు. 1866 నాటి దేవ్‌బంద్ మదరసా నుంచి మదరసాల చరిత్ర అందరూ రాసిందే. నేటి చిక్కుముడి మాత్రం 2012లో పడింది.

2009 విద్యాహక్కు చట్టం గుర్తింపు లేని బడి నడపరాదంది. పిల్లల్ని కొట్టరాదని 17వ సెక్షన్‌లో చెప్పింది. 2012 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన సవరణ మదరసాలను, వేద పాఠశాలలను మొత్తం చట్టం నుంచే తప్పించింది. గుర్తింపు బెడద తీరింది, దాంతోపాటు 17వ సెక్షన్ రక్షణా పోయింది. విడదీసి రాయాల్సిన రెండు సంగతులు ఒక్క వాక్యంలో కొట్టుకుపోయాయి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద, తన సంరక్షణలోని పిల్లల్ని హింసిస్తే మూడేళ్ల దాకా, పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థను నడిపేవారో అందులో పనిచేసేవారో ఆ పని చేస్తే ఐదేళ్ల దాకా జైలు ఉంది. కానీ అది దెబ్బ తగిలాక పనికొచ్చేది.

దెబ్బ ఎందుకు పడుతుందో ఉస్తాదుల (బోధకుల) లెక్కలో తెలుస్తుంది. హిఫ్జ్ (ఖురాన్ కంఠస్థం) చేసే పిల్లవాడు రోజూ మూడు అప్పజెప్పాలి: కొత్త పాఠం సబఖ్, ఈమధ్య నేర్చిన సబఖీ, పాతదైన మంజిల్. మంజిల్ రోజుకో పారా (ఖురాన్ ముప్పై భాగాల్లో ఒకటి) అనుకుంటే, వేగంగా చదివినా అరగంట. ఒక్క ఉస్తాదు దగ్గర 25 మంది ఉంటే పన్నెండున్నర గంటలు! అందుకే పిల్లలే ఒకరిదొకరు వింటారు. తప్పులు పాతుకుపోతాయి, షాబాన్ (రంజాన్‌కు ముందు నెల) పరీక్షల ముందు బయటపడతాయి. బెత్తం లేచేది అప్పుడే. అదే 12 మందైతే ఆరు గంటల్లో తేలిపోతుంది.

పగలు పాఠం విన్న ఉస్తాదే చాలాచోట్ల రాత్రి కాపలా కూడా. అసర్ (సాయంత్రపు నమాజు) తర్వాత ఆట, దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) దగ్గర చిన్నవాడికి ముందు వడ్డించడం, తగవుపడ్డ ఇద్దరితో సలాం చెప్పించడం... తర్బియత్ (నడవడిక నేర్పడం) జరిగేది ఆ వేళల్లోనే. అప్పుడు ఆయన కునికిపాట్లు పడుతుంటే పెత్తనం పెద్ద పిల్లల చేతికి పోతుంది.

రాత్రి కాపలాకు రెండో మనిషిని పెడితే జీతం ఎక్కడిదని నిర్వాహకులంటారు. అదీ నిజమే. హనఫీ ఫిఖ్ (హనఫీ పంథా ధర్మశాస్త్రం) ప్రకారం జకాత్ (విధిగా ఇచ్చే దానం) సొమ్ము పేద విద్యార్థి తిండికీ బట్టకీ చెల్లుతుంది, ఉస్తాద్ జీతానికి చెల్లదు. అందుకే రంజాన్ జకాత్ బాగా వచ్చిన ఏడాది పళ్లేలు పెరుగుతాయి, ఉస్తాదులు పెరగరు.

2024 నవంబర్ 5న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ మదరసా చట్టాన్ని చాలావరకు నిలబెడుతూ, విద్యా ప్రమాణాలు చూసే అధికారం రాష్ట్రానికి ఉందని చెప్పింది. ఇక్కడ ప్రమాణమంటూ పెడితే మొదట రాయాల్సింది ఉస్తాదుకు ఎంతమంది పిల్లలు, రాత్రి హాస్టల్లో ఎవరుంటారు అన్నదే.