నేల తాకాకే అసలు గండం

కందుకూరు నుంచి ఓ ఇంటర్ కుర్రాడు అడిగాడు: "సార్, సొంతంగా కట్టుకున్న చిన్న విమానాల వీడియోలు చూస్తుంటాను. చక్కగా దిగుతాయి, కాస్త దూరం పరిగెడతాయి, ఉన్నట్టుండి గిర్రున తిరిగి రెక్క నేలకేసి కొట్టుకుంటాయి. దిగేశాక వాటికేమొచ్చింది?"

పైలట్ టెన్షన్ పడ్డాడని సరిపెట్టుకోవచ్చు. కానీ కిటుకంతా చక్రాలు ఎక్కడ పెట్టారన్న దాంట్లో ఉంది. ఇలాంటి విమానాల్లో చాలావాటికి రెండు పెద్ద చక్రాలు ముందు, ఓ బుల్లి చక్రం తోక కింద ఉంటాయి. బరువు తక్కువ, కట్టడం తేలిక, ప్రొపెల్లర్ నేలకి ఎత్తుగా ఉంటుంది. తిరకాసల్లా గరిమనాభి, అంటే విమానం బరువంతా ఉన్నట్టు లెక్కేసే చోటు, పెద్ద చక్రాలకి వెనక పడటమే.

మన ట్రాక్టర్‌ని చూడండి. పొగాకు బేళ్లతో ముందుకు పోయేటప్పుడు ట్రక్కు బుద్ధిగా వెనకే వస్తుంది. కాస్త పక్కకి జరిగినా లాగుడుకి దానంతటదే సర్దుకుంటుంది. అదే ట్రక్కుని రివర్సులో వేలం కేంద్రం గేట్లోకి తోయాలంటే? మొదట బెత్తెడు వంకర, కాస్త పోయేసరికి జానెడు, ఇంకాస్త పోతే మూరెడు. వంకరే వంకరని పెంచుతుంది. చెయ్యి తిరిగిన డ్రైవరు స్టీరింగు ఎక్కువ తిప్పడు. వంకర ఇంకా చిన్నగా ఉండగానే కొంచెం అటు, కొంచెం ఇటు సర్దుతూ పోతాడు. కొత్తవాడు చూస్తూ చూస్తూ ఊరుకుని, చివర్లో గట్టిగా తిప్పుతాడు. అప్పటికే ట్రక్కు మడతపడి ట్రాక్టర్ టైరుకి ఆనుకుంటుంది. టార్క్ (తిప్పే బలం) పాఠంలో తలుపూ స్పానరూ పక్కనపెట్టి, పిల్లల్ని ఓసారి ఇలా రివర్సు చూడ్డానికి తీసుకెళ్తే ఒక్క పీరియడ్ చాలు.

విమానంలో తోసేది వెనకున్న బరువు. ముక్కు కొంచెం పక్కకి తిరిగితే టైర్ల మీద పడే అడ్డబలం గరిమనాభికి ముందు పనిచేసి, దాన్ని ఇంకా అటే తిప్పుతుంది. ముక్కు కింద చక్రమున్న విమానంలో పెద్ద చక్రాలు గరిమనాభికి వెనక ఉంటాయి కాబట్టి అదే బలం సరిచేస్తుంది. పోలిక ఒక్కచోట కుదరదు: మడతపడుతుంటే ట్రాక్టర్‌ని ఆపి, ముందుకు పోనిచ్చి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఇక్కడ ఫస్ట్ గేరు లేదు.

దీనికి తోడు ఇంకో చిక్కు. తోకని అదుపు చేసే రడ్డర్ బలం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం సగమైతే బలం పావే. పక్కగాలి తోకని నెట్టే బలం మాత్రం వేగం సగమైతే సగమే తగ్గుతుంది. అంటే గంటకి 100 కి.మీ. దగ్గర రడ్డర్‌కి ఉన్న పైచేయి 50 దగ్గరికొచ్చేసరికి సగానికి పడిపోతుంది. 'హమ్మయ్య, దిగాం' అని రడ్డర్ పెడల్స్ మీద కాళ్లు వదులు చేసేది సరిగ్గా అప్పుడే.

మన కొరిశపాడు దగ్గర హైవే మీద 4.1 కి.మీ. పొడవు, 33 మీటర్ల వెడల్పున్న కాంక్రీట్ రన్‌వే ఉంది. 2024 మార్చి 18న వాయుసేన రవాణా విమానాలు ఏఎన్-32, డోర్నియర్ అక్కడ దిగి మళ్లీ ఎగిరాయి. తోకచక్రం విమానానికి మాత్రం దానికన్నా గడ్డి మైదానం నయం. గడ్డి మీద టైరు పక్కకి జారి తప్పు కాస్తుంది, కాంక్రీట్ పట్టేసుకుంటుంది. పైగా హైవే దాదాపు ఉత్తర దక్షిణాలుగా పోతుంది, మధ్యాహ్నం సముద్రపు గాలి తూర్పు వైపు నుంచి కొడుతుంది. అచ్చమైన అడ్డగాలి.

అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012 అధ్యయనం ప్రకారం, 2011లో అక్కడి చిన్న విమానాల్లో సొంతంగా కట్టినవి దాదాపు 10 శాతం. మొత్తం ప్రమాదాల్లో మాత్రం వాటి వాటా 15 శాతం. ప్రమాదానికి గురైన ఆ సొంత కట్టడాల్లో సగానికి పైగా ఒకరు కడితే ఇంకొకరు కొనుక్కున్నవి! తోకచక్రం స్ప్రింగు ఎంత వదులో కట్టినవాడి కాళ్లకి తెలుసు, కొన్నవాడికి తెలియదు. నిమ్మకాయలు కట్టుకుంటే కట్టుకోండి, ముందు రెండు చక్రాలూ సమాంతరంగా ఉన్నాయో లేదో దారం పట్టి చూడండి.

మరి చక్రాన్ని ముక్కు కిందికి మార్చేస్తే పోలా? కొన్ని డిజైన్లు రెండు రకాల్లోనూ దొరుకుతాయి. గిరగిరా తిరగడం తగ్గుతుంది. కానీ ఆ సన్నటి ముందు కాలు వానకి నానిన మన నల్లరేగడిలో దిగబడిందంటే విమానం బోర్లా పడుతుంది.