తిరుపతి బాగోగుల లెక్క: అపోహలు - వాస్తవాలు

సర్కారు డేటాతో ఊరి బాగోగులు కొలవడం కష్టమేమీ కాదు. తిరుపతితో వచ్చిన చిక్కల్లా ఒకటే: లెక్కలో కనబడే మనుషుల్లో చాలామంది ఈ ఊరివాళ్లు కారు. లవం (లెక్కకొచ్చిన సంఖ్య) చూసి కంగారుపడేముందు హారం (దాన్ని భాగించే జనాభా) చూడాలి.

అపోహ: తిరుపతిలో నమోదైన జనన మరణాలే తిరుపతి ఆరోగ్యానికి గుర్తు.

1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం జననమైనా మరణమైనా జరిగిన చోటే నమోదవుతుంది. పీలేరులో విషమించిన కేసును తిరుపతిలోని పెద్దాసుపత్రులైన రుయాకో స్విమ్స్‌కో తెస్తారు. ఇక్కడ ప్రాణం పోతే ఆ మరణం తిరుపతి ఖాతాలోనే పడుతుంది. ఆ మొత్తాన్ని 2011 జనగణన చెప్పిన 2.87 లక్షల జనాభాతో భాగిస్తే ఊరికేదో మహమ్మారి పట్టినట్టే ఉంటుంది.

దీనికి విరుగుడు నమోదు ఫారంలోనే ఉంది. గణాంకాల భాగంలో తల్లి నివాసానికి, మృతుల నివాసానికి విడిగా గడులు ఉంటాయి. వాటిని బట్టి వడపోయండి. అయితే ఆ గడులనూ గుడ్డిగా నమ్మకూడదు. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన అమ్మాయి మామూలుగా ఉండేది బెంగళూరే అయినా, ఫారం నింపేవాళ్లు పుట్టింటి ఊరే రాసేస్తారు. ఊరిని ఆనుకుని ఉన్న అవిలాలవాళ్లు కూడా ‘తిరుపతి’ అనే రాయిస్తారు, కానీ 2011 లెక్కలో అవిలాల కార్పొరేషన్ బయట ఉంది. లవంలో అవిలాల ఉంటే హారంలోనూ ఉండాలి, లేదంటే రెండింట్లోంచీ తీసేయాలి.

అపోహ: వార్డుల వారీగా విడగొడితే అసలు సంగతి బయటపడుతుంది.

50 వార్డులంటే సగటున వార్డుకు 5,700 మంది. వెయ్యికి 15 కాన్పులనుకుంటే ఏడాదికి 86 మంది బిడ్డలు. ఒక్క శిశువు పోతే శిశుమరణాల రేటు (వెయ్యి జననాలకు) 12, ఇద్దరు పోతే 23, ఎవరూ పోకపోతే సున్నా. ఈ ఊగిసలాట చూసి ‘ఫలానా వార్డు దిగజారింది’ అని రాయడం అన్యాయం. ఐదేళ్ల లెక్క కలపండి, లేదా ఒకే తీరు ఇళ్లున్న పక్క వార్డులను జత చేయండి.

అపోహ: తలసరి చెత్త, తలసరి నీళ్లు ఎక్కువైతే తప్పు ఊరి జనానిదే.

తిరుమల దర్శనాలు రోజుకు సుమారు 60 వేల నుంచి 80 వేలు. అలాగని వాళ్లందరినీ హారంలో కలిపేస్తే అదీ తప్పే. కొందరు బస్సు దిగి నేరుగా కొండెక్కుతారు, కొందరు కింద సత్రంలో రాత్రి గడుపుతారు. ‘మనిషి-రోజు’ లెక్క కట్టండి: ఎనిమిది గంటలుండి వెళ్లిపోయేవాళ్లు ముగ్గురైతే ఒక మనిషి-రోజు. బ్రహ్మోత్సవాల నెలనూ రద్దీ లేని నెలనూ పక్కపక్కన పెడితే యాత్రికుల వాటా సుమారుగా తేలుతుంది.

అపోహ: జిల్లా సర్వే అంకెలు నగరానికీ వర్తిస్తాయి.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) నాటికి తిరుపతి జిల్లాయే లేదు. అందులో ‘చిత్తూరు’ అంటే 41.74 లక్షల మంది ఉన్న పాత ఉమ్మడి జిల్లా. 2022 ఏప్రిల్ 4న పుట్టిన తిరుపతి జిల్లాలోకి నెల్లూరు వైపు నుంచి సూళ్లూరుపేట, వెంకటగిరి కూడా వచ్చి చేరాయి. ముందూ వెనకా పోల్చాలంటే మండలాల స్థాయి నుంచి కూడుకుంటూ రావాలి. వేరే దారి లేదు.

ర్యాంకులదీ ఇదే తంతు. కేంద్రం ప్రకటించిన 2018 జీవన సౌలభ్య సూచీలో (ఈజ్ ఆఫ్ లివింగ్ ఇండెక్స్) తిరుపతికి 111 నగరాల్లో నాలుగో స్థానం దక్కింది. అప్పుడు సూచికలు 78. 2020 సూచీకి వచ్చేసరికి అవి 49 అయ్యాయి, పౌరుల అభిప్రాయ సర్వేకు 30 శాతం వెయిటేజీ ఇచ్చారు, పది లక్షలలోపు నగరాలకు వేరే జాబితా పెట్టారు. ఈ రెండు ర్యాంకులను కలిపి గ్రాఫు గీయకండి.

గాలి నాణ్యత చూసేటప్పుడు స్టేషను పేరు చదవండి. తిరుమల స్టేషను కొండమీద ఉంది, దాని రీడింగు బస్టాండు దగ్గరి గాలికి పనికిరాదు.

అపోహ: ఫిర్యాదులు తగ్గాయంటే జనం సుఖంగా ఉన్నారు.

అర్జీ పెట్టి విసిగినవాళ్లు మళ్లీ పెట్టరు, అద్దెకున్నవాళ్లు అసలే పెట్టరు. అందుకే మొత్తం అర్జీల కంటే ‘పరిష్కారమైంది’ అని మూసేశాక మళ్లీ తెరిచినవి ఎన్నో చూడండి. వాటిని కూడా కుళాయి, కాలువ, వీధిదీపం అని విడివిడిగా లెక్కేయాలి.