నల్లటి గుడ్డ, తేలికైన గూడు

హనుమకొండలో ఉండే నా మిత్రుడొకరు, కారు వెనక తగిలించుకుని లక్నవరం, మేడారం వైపు వెళ్లి రాత్రిళ్లు అందులోనే పడుకోవడానికి వీలుగా, ఒక చిన్న క్యాంపర్ ట్రైలర్‌ను తన పెరట్లోనే కట్టడం మొదలుపెట్టారు. ఇనుప చట్రం, ఇరుసు, చక్రాలు వెల్డింగ్ షాపులో సిద్ధమయ్యాక, పైతొడుగును కార్బన్ ఫైబర్‌తో వేస్తే ఎలా ఉంటుందని నన్ను అడిగారు. విమానాలకు, రేసు కార్లకు వాడే పదార్థం ట్రైలర్‌కు మేలు చేయకుండా ఉంటుందా అన్నది ఆయన ఆలోచన. అందులో కొంత నిజం ఉంది గాని, కాగితం మీద లెక్క వేసుకున్నాక మా ఇద్దరి అభిప్రాయమూ మారింది.

వరంగల్ కొత్తవాడలో డర్రీలు నేసే మగ్గాన్ని చూసినవారికి, కార్బన్ ఫైబర్‌తో నేసిన నల్లటి గుడ్డ కొత్తదిగా అనిపించదు. అందులోనూ పడుగు, పేక ఉంటాయి. సాధారణంగా దొరికే గుడ్డలో ఒక్కో పోగుకు మూడు వేల తంతువులు ఉంటాయి. ఒక్కో తంతువు మందం సుమారు 7 మైక్రాన్లు, అంటే తలవెంట్రుకలో దాదాపు పదో వంతు. పాలీయాక్రిలోనైట్రైల్ అనే కృత్రిమ దారాన్ని ముందు గాలిలో 200 నుంచి 300 డిగ్రీల వద్ద కాచి, తర్వాత ఆక్సిజన్ లేని కొలిమిలో 1000 డిగ్రీలు దాటించి వేడిచేస్తే, మిగతా మూలకాలు వాయువులుగా వెళ్లిపోయి దాదాపు కార్బన్ ఒక్కటే మిగులుతుంది. ఆ తంతువు సాంద్రత నీటికి 1.8 రెట్లు మాత్రమే, ఉక్కుదైతే 7.8 రెట్లు, అయినా లాగినప్పుడు సాగకుండా నిలిచే గుణంలో అది ఉక్కుతో సమానంగానో, అంతకు మించో ఉంటుంది.

అయితే ఈ గొప్పతనమంతా తంతువు పొడవునే ఉంటుంది. గుడ్డను చేతుల్లోకి తీసుకుని పడుగు వెంట లాగితే వెంట్రుకవాసి కూడా సాగదు. అదే గుడ్డను మూల నుంచి మూలకు లాగితే చేపల వలలా సాగిపోతుంది. పైగా పోగులు ఒకదాని మీదుగా, ఇంకొకదాని కిందుగా వంగుతూ పోతాయి, సగం పోగులు అడ్డంగా ఉంటాయి, మధ్యలో ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు, నిండుతుంది. అందువల్ల చేత్తో ఎపాక్సీ పట్టించి తయారుచేసిన కార్బన్ పలక దృఢత్వం, అంటే సాగకుండా నిలిచే ఆ గుణం, దాన్ని కొలిచే గిగాపాస్కల్స్‌లో సుమారు 50 దగ్గర ఆగిపోతుంది. అల్యూమినియం రేకుది 70. ఈ మాట విన్నప్పుడు మా మిత్రుడు మొదట నమ్మలేదు.

బరువు విషయానికి వస్తే, ఆ ట్రైలర్ పైతొడుగు వైశాల్యం సుమారు 12 చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు అల్యూమినియం రేకు వేస్తే 32 కిలోలు అవుతుంది, అంతే మందం కార్బన్ పలకైతే 18 కిలోల లోపు. మిగిలేది 14 కిలోలు. ట్రైలర్‌లో పెట్టుకునే నీళ్ల డబ్బా ఒక్కటే 40 లీటర్లది. పాలంపేట రామప్ప గుడి శిఖరానికి పదమూడో శతాబ్దంలోనే నీటిలో తేలే ఇటుకలు వాడారు కాబట్టి, పైభాగం తేలికగా ఉండటం ఎంత అవసరమో మన ప్రాంతానికి కొత్తగా చెప్పనక్కరలేదు. కాని 14 కిలోల కోసం, గాజు తంతువులతో నేసే గాజు గుడ్డ (ఫైబర్‌గ్లాస్) కంటే ఎన్నో రెట్లు ఖరీదైన గుడ్డ కొనడం నాకు సబబుగా తోచలేదు.

నిజానికి పైతొడుగుకు కావలసింది వంగకుండా నిలవడం. జాతరకు వెళ్లే ఎడ్లబండ్లకు వెదురు తడకను విల్లులా వంచి గూడు కట్టేవారు. పరిచి ఉంచితే వేలాడిపోయే తడక, వంచగానే బిగువెక్కుతుంది. చదునైన గోడకు ఆ బిగువు మందం నుంచి రావాలి. ఒక మిల్లీమీటరు కార్బన్ పలకను అర మిల్లీమీటరు చొప్పున రెండు పొరలుగా విడదీసి, వాటి మధ్య 20 మిల్లీమీటర్ల ఫోమ్‌ను అతికిస్తే, వంపును తట్టుకునే శక్తి లెక్క ప్రకారం వెయ్యి రెట్లు దాటుతుంది. ఆ వెయ్యి రెట్లు ఇచ్చింది పొరల మధ్య దూరమే. గాజు గుడ్డ పలక దృఢత్వం కార్బన్ పలకలో సగానికన్నా తక్కువే, కాని ఫోమ్ మందాన్ని మరో 12 నుంచి 15 మిల్లీమీటర్లు పెంచితే ఆ లోటు పూడుతుంది. అలా పెరిగే ఫోమ్ బరువు మొత్తం ట్రైలర్‌కు ఐదారు కిలోలు. మే నెల ఎండలో పడుకునేవారికి ఆ అదనపు ఫోమ్ వేడిని కూడా ఆపుతుంది. గాజు తంతువు తెగేలోపు కార్బన్ కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ సాగుతుంది కాబట్టి, ముందు పోయే లారీ టైరు నుంచి ఎగిరిన కంకరరాయి తగిలినా మెరుగ్గా తట్టుకుంటుంది.

ఎండ గురించి ఇంకొంత చెప్పాలి. కార్బన్ నేత అందం కనిపించాలని చాలామంది పైన పారదర్శకమైన పూతే వేస్తారు. 45 డిగ్రీలు తాకే మన వేసవిలో నల్లటి ఉపరితలం 70 డిగ్రీలు దాటుతుంది; మామూలు గది ఉష్ణోగ్రత దగ్గర గట్టిపడిన ఎపాక్సీలు చాలావరకు 60 డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడటం మొదలుపెడతాయి. పైగా అతినీలలోహిత కిరణాలకు ఎపాక్సీ పసుపెక్కి పొడిబారుతుంది. అందుకని మన దగ్గర ఏ గుడ్డ వాడినా పైన తెల్ల రంగు తప్పనిసరి. కార్బన్ పలకను అల్యూమినియానికి అతికించినా చిక్కే. వేడికి అల్యూమినియం వ్యాకోచిస్తుంది, కార్బన్ దాదాపు కదలదు; రెండున్నర మీటర్ల పొడవున 40 డిగ్రీల తేడా వస్తే రెండింటి మధ్య రెండు మిల్లీమీటర్ల లాగుడు పడి అతుకు ఊడుతుంది. కార్బన్ విద్యుత్ వాహకం కూడా కాబట్టి, వాన నీరు తగిలినచోట అల్యూమినియం రివెట్లను తినేస్తుంది. మధ్యలో ఒక గాజు పొర వేసి, స్టెయిన్‌లెస్ స్టీల్ రివెట్లు వాడితే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

చివరకు ట్రైలర్ అంతటికీ గాజు గుడ్డ, తలుపు చుట్టూ, పైకప్పు అంచుల్లో మాత్రం పోగులన్నీ ఒకే దిశలో ఉండే కార్బన్ పట్టీలు వేయాలని నిర్ణయించుకున్నాం. బలం అంతా ఒకే దారిన పడే చోట్లు అవే. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ప్లాస్టిక్ మగ్గులో అరకిలో ఎపాక్సీని ఒకేసారి కలిపితే, పావుగంట గడవకముందే మగ్గు పట్టుకోలేనంత వేడెక్కి పొగ వచ్చింది, కలిపే పుల్ల అందులోనే బిగుసుకుపోయింది. గట్టిపడే చర్యలో పుట్టిన వేడి లోతైన పాత్రలో బయటికి పోలేకపోవడమే కారణం. మర్నాటి నుంచి తెల్లవారుజామున, వెడల్పాటి పళ్లెంలో, వంద గ్రాముల చొప్పున కలిపాం. పట్టీలు కోసేటప్పుడు, గీకేటప్పుడు లేచే ధూళి చర్మంలో గుచ్చుకుని ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి మాస్కు, చేతి తొడుగులు లేకుండా ఆ పని చేయకూడదు.

అంతా ఆరాక ఆయన రూపాయి బిళ్ళతో ట్రైలర్ మొత్తాన్ని జానెడు జానెడుగా తట్టి చూశారు, ఎండాకాలం రంజన్ కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టే. పొర బాగా అతికినచోట ‘టక్’మని స్పష్టమైన శబ్దం వస్తుంది, కింద గాలి చిక్కినచోట మొద్దుగా వస్తుంది. పైకప్పు మీద అరచేయంత మేర మొద్దుగా వచ్చింది. అక్కడ రెండు సన్నటి రంధ్రాలు వేసి, ఒకదానిలోంచి సిరంజితో ఎపాక్సీ ఎక్కిస్తే రెండోదానిలోంచి గాలి బుడగలు వచ్చాయి. తర్వాత ప్లాస్టిక్ కవరు పరిచి, దాని మీద నాలుగు ఇటుకలు పెట్టి రాత్రంతా వదిలేశాం.