తేలినీలాపురం పక్షులు: చెట్టుకు కాపలా ఉంది, తంపరకు లేదు

వానాకాలం చివర్లో శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలం తేలినీలాపురం వెళ్తే చింతచెట్లు దూరం నుంచే తెల్లగా కనిపిస్తాయి. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఇళ్ల మధ్య ఉన్న చెట్ల మీదే గూళ్లు కడతాయి. పిల్లలకు రెక్కలొచ్చాక, ఎండలు ముదిరే వేళకు వెళ్లిపోతాయి. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచి లెక్క వేరు. అక్కడికి వచ్చేవి నత్తగుల్ల కొంగలు. అవి తొలకరితో దిగి చలికాలానికి ఎగిరిపోతాయి.

రెండు ఊళ్ల నమ్మకం మాత్రం ఒకటే. పిట్టలొస్తే వానలు పడతాయి, పంట పండుతుంది. రాని ఏడు ఊరికి మంచిది కాదు. పుట్టింటికి పురిటికొచ్చిన ఆడపిల్లను ఎలా చూసుకుంటారో వీటినీ అలాగే చూసుకుంటారు. పెరట్లో రెట్ట పడినా, రాత్రంతా గోల చేసినా రాయి విసరరు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. ఈ కట్టుబాటుకు ఆ చట్టంతో పని లేదు.

అయితే ఈ పక్షుల గురించి ఏ వార్త చదివినా ఒక మాట తప్పకుండా ఉంటుంది: సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన విదేశీ అతిథులు అని. చిన్నప్పుడు మేమూ అదే నమ్మాం. ఆ మాట నిజం కాదు. సైబీరియా వంటి చలి దేశాల నుంచి వచ్చే బాతులు, ఉల్లంకిపిట్టలు ఇక్కడ చలికాలం గడుపుతాయే గానీ గూడు కట్టవు. వాటి గూళ్లు, పిల్లలు అన్నీ వేసవిలో అక్కడే. ఇక్కడ గుడ్డు పెట్టి పిల్లను లేపే పక్షి ఇక్కడిదే. ఈ గూడబాతులు భారత్, శ్రీలంక, కంబోడియా వంటి దేశాల్లోనే పిల్లలను పెడతాయి. ఎర్రకాళ్ల కొంగ, నత్తగుల్ల కొంగ కూడా దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. నీరు, మేత ఎక్కడుంటే అక్కడికి ఈ పరిధిలోనే తిరుగుతుంటాయి.

ఈ సంగతి తేల్చింది పరిశోధనే. పక్షి కాలికి నంబరున్న చిన్న అల్యూమినియం కడియం తొడిగి వదలడం, అది మళ్లీ ఎక్కడ దొరికిందో నమోదు చేయడం బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ దశాబ్దాలుగా చేస్తున్న పని. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో కడియం తొడిగిన ఒక నత్తగుల్ల కొంగ అక్కడికి 800 కిలోమీటర్ల తూర్పున దొరికింది. థాయ్‌లాండ్‌లో తొడిగినది బంగ్లాదేశ్‌లో కనిపించింది. దూరం 1500 కిలోమీటర్లు. ఎంత తిరిగినా అంతా ఈ పరిధిలోనే.

అతిథి అనుకుంటే కొన్ని నెలలు చెట్టు చూపించి, సాగనంపితే సరిపోతుందనిపిస్తుంది. మనదే అనుకుంటే, అది ఏం తింటోంది, ఆ తిండి ఎక్కడ పుడుతోంది అని అడగాలి. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి చేపలు తింటుంది. నెలల తరబడి అదే తిండి. ఆ చేప నౌపడ చుట్టుపక్కల తంపరలో, అంటే నీరు నిలిచే పల్లపు చిత్తడి నేలలో, ఉప్పుటేరుల్లో, చెరువుల్లో దొరకాలి. నత్తగుల్ల కొంగ ముక్కు రెండు దవడల మధ్య సందు ఉంటుంది. నత్తను గుల్లలోంచి లాగి తినడానికి అనువైన ముక్కు అది. వరిమడిలో నత్తలు పెరిగే రోజుల్లోనే అది తేలుకుంచిలో పిల్లలను పెడుతుంది. లేత నాట్లను కొరికే నత్తలను రైతు పైసా ఖర్చు లేకుండా వదిలించుకుంటాడు. చెట్ల కింద పడిన రెట్ట పొలానికి మంచి ఎరువు. వన్యప్రాణులతో ఆర్థికాభివృద్ధి అంటే ఇప్పుడు టికెట్లు, పర్యాటకం గుర్తొస్తున్నాయి. ఈ ఊళ్లకు, పక్షులకు మధ్య అంతకంటే పాత ఇచ్చిపుచ్చుకోవడం ఉంది.

ఊరివాళ్ల కాపలా ఉన్నా పక్షులు మాయం కావచ్చని చెప్పే ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. పశ్చిమ గోదావరిలో, కొల్లేరు ప్రాంతపు ఆరేడు గ్రామంలో పెద్ద గూడబాతుల కాలనీ ఉండేది. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ దాన్ని చూసి వివరంగా రాశారు. అక్కడా ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు, అక్కడా ఊరివాళ్ల కాపలా. పాతికేళ్లు తిరిగేసరికి కాలనీ ఖాళీ అయింది. ప్రపంచ స్థాయి ముప్పు జాబితాలో ఈ పక్షి పరిస్థితి 2007లో ఒక మెట్టు మెరుగుపడినా, అది ఇంకా ముప్పుకు చేరువలోనే ఉంది.

ఇక మన జిల్లా. సోంపేట వైపు బీల అంటారు, నౌపడ, కాకరాపల్లి వైపు తంపర అంటారు. వానాకాలంలో కొండల మీది నుంచి, పొలాల నుంచి వచ్చే నీరంతా చేరే పల్లపు నేలలివి. చేపలు పట్టుకునేవాళ్లు, పశువులు మేపుకునేవాళ్లు, నీరు తోడి పంట పండించేవాళ్లు వేలమంది వీటినే నమ్ముకున్నారు. ప్రభుత్వ కాగితాల్లో మాత్రం వీటికి పనికిరాని భూములని పేరు పెట్టారు. ఆ ఒక్క పేరుతోనే రెండు చోట్లా 2640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రాలకు దారి తెరిచారు. 2010 జులై 14న సోంపేటలో, కేంద్రం వద్దని పోరాడుతున్నవాళ్లపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. ఆ కేంద్రమూ పూర్తికాలేదు. ఆనాడు ప్రాణాలిచ్చినవాళ్లు పోరాడింది తమ బతుకుల కోసం. గూడబాతుల మేత కూడా ఆ నీళ్లలోనే ఉంది కాబట్టి, తేలినీలాపురం చెట్లు వాళ్లకూ రుణపడి ఉన్నాయని నా నమ్మకం.

దేశంలో చిత్తడి నేలల పరిరక్షణకు తొలి నిబంధనలు వచ్చింది 2010 డిసెంబరులో, అంటే సోంపేట కాల్పుల తర్వాత. 2017లో వాటి స్థానంలో కొత్తవి తెచ్చి, గుర్తింపు బాధ్యతలో ఎక్కువ భాగాన్ని రాష్ట్రాలకు అప్పగించారు.

2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలతో పాటు పక్షుల చెట్లనూ కూల్చింది. చెట్టు మళ్లీ నాటుకోవచ్చు. 2022 మొదట్లో తేలినీలాపురంలో గూడబాతులు పెద్ద సంఖ్యలో చనిపోవడం నన్ను ఎక్కువ భయపెట్టింది. చేపల ద్వారా కడుపులో చేరే నులిపురుగులే కారణమని అనుమానించారు. గూళ్ల కింద రాలిన పక్షులను చూసి ఊరివాళ్లు ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడ్డారు. ఊరు చేయాల్సింది చేసింది. కానీ పక్షులు తిన్న చేప పుట్టిన నీళ్లు ఆ ఊరి చేతిలో లేవు.

2023 ఏప్రిల్‌లో సంతబొమ్మాళి మండలం మూలపేట ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. రేవు వెంట రోడ్లు, గోదాములు, పరిశ్రమలు వస్తాయి. వలస పోయే కుర్రాళ్లకు ఇక్కడే పని దొరకాలని కోరుకోనివాడు ఈ జిల్లాలో ఉండడు, నేనూ కోరుకుంటున్నాను. అందుకే తంపర హద్దులను ఇప్పుడే సర్వే చేసి రాళ్లు పాతాలి. రికార్డుల్లో పనికిరాని భూమి అన్న మాట కొట్టేసి చిత్తడి నేల అని రాయాలి. ఏటా చెట్ల మీద గూళ్లు లెక్కపెట్టినట్టే, ఆ నీటి లోతు, ఉప్పదనం, చేప, పురుగు పరీక్షించి, ఆ లెక్కలు తెలుగులో తేలినీలాపురం పంచాయతీ గోడ మీద అతికించాలి.