సహాయ సంస్థలో వేసవి ఇంటర్న్‌షిప్: అపోహలు, వాస్తవాలు

వేసవి వస్తోందంటే మా విభాగానికి విద్యార్థుల దరఖాస్తులు వరుస కడతాయి. విపత్తు బాధితులకు స్వయంగా సేవ చేయాలని ఉందని చాలామంది రాస్తారు. ఆ కోరిక మంచిదే. దాని వెనుక ఉన్న ఊహలతోనే నా పేచీ.

అపోహ: చేరిన వారంలోనే విపత్తు ప్రాంతానికి పంపిస్తారు.

వాస్తవం: పంపరు. శిక్షణ లేని విద్యార్థిని అలా పంపే సంస్థ ఉంటే దాన్ని అనుమానించాలి. అక్కడికి వెళ్లే ప్రతి ఒక్కరికీ నీళ్లు, పడక, వాహనంలో చోటు, భద్రత కావాలి. అవి అసలే అరకొరగా ఉండే చోటు అది.

ఇంటర్న్ రోజులు ఎక్కువగా కంప్యూటర్ ముందే గడుస్తాయి. లబ్ధిదారుల జాబితాలు, సర్వే జవాబులు సరిచూడటం, సమావేశాల్లో అనుకున్నవి రాసిపెట్టడం, దాతలకు పంపే నివేదికలకు లెక్కలు సమకూర్చడం, ఇవీ పనులు.

అపోహ: అదంతా గుమాస్తా పని, సేవ కాదు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా రంగంలో, విపత్తు బాధితులకు కనీసం ఏమేమి అందాలో చెప్పే స్ఫియర్ ప్రమాణాలు ఉన్నాయి. స్వచ్ఛంద సంస్థలు, రెడ్‌క్రాస్ ఉద్యమం కలిసి 1997లో ఆ ప్రయత్నం మొదలుపెట్టాయి. వాటి ప్రకారం మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు అందాలి, ఒక్కో కొళాయి మీద 250 మందికి మించి ఆధారపడకూడదు. శిబిరంలో 5000 మంది ఉన్నారంటే 75,000 లీటర్లు, 20 కొళాయిలు కావాలి. పేర్లు రెండేసిసార్లు నమోదై, నిజానికి ఉన్నది 4000 మందే అయితే, వేరే శిబిరానికి వెళ్లాల్సిన 15,000 లీటర్లు రోజూ ఇక్కడికే వస్తాయి.

అలాగని కనిపించిన నకళ్లన్నీ కొట్టేయడమూ కుదరదు. ఒకే పేరు, ఒకే వయసు ఉన్న ఇద్దరు స్త్రీలను ఒకరే అనుకుంటే ఒక ఇంటికి సరుకులు ఆగిపోతాయి. అందుకే ఇంటర్న్‌లను జాబితాలో ఒక్క పేరు కూడా తీసేయనివ్వను. అనుమానం ఉన్నచోట గుర్తు పెట్టి క్షేత్ర సిబ్బందిని అడగమంటాను. విసుగు పుట్టించే పనే, ఒప్పుకుంటాను.

అపోహ: ఫొటోలు తీసి సామాజిక మాధ్యమాల్లో పెడితే సంస్థకు మేలు.

వాస్తవం: సరుకుల కోసం వరుసలో నిలబడిన మనిషి ఫొటోకు ఒప్పుకుంటే, అది ఇష్టమా, కాదంటే సరుకులు రావేమోనన్న భయమా? బాధితులను దిక్కులేని వస్తువుల్లా కాక గౌరవం గల మనుషులుగా చూపాలని రెడ్‌క్రాస్ ఉద్యమం, సహాయ సంస్థలు కలిసి రాసుకున్న 1994 నాటి ప్రవర్తనా నియమావళి పదో సూత్రం చెబుతోంది. ఆఫీసులో దిగే సెల్ఫీలూ ప్రమాదమే. వెనుక తెర మీద పేర్లు, చిరునామాలు కనబడవచ్చు. ఘర్షణలు జరిగే చోట ఆ వివరాలు ఎవరి కంట పడతాయో చెప్పలేం.

అపోహ: ఈ రంగం సోషల్ వర్క్ చదివినవారికే.

వాస్తవం: అకౌంట్లు, గిడ్డంగి నిర్వహణ, మ్యాపులు, అనువాదం తెలిసినవారి కోసం మేమే వెతుకుతుంటాం.

అపోహ: సేవాసంస్థను స్టైపెండ్ అడగడం బాగుండదు.

వాస్తవం: అడగండి. ఏమీ ఇవ్వకపోతే ఇంట్లో డబ్బున్న పిల్లలే ఈ రంగంలోకి రాగలుగుతారు. ఇవ్వలేని చిన్న సంస్థలూ ఉన్నాయి; అవి కనీసం ప్రయాణ ఖర్చులైనా ఇస్తాయేమో కనుక్కోండి. చేయాల్సిన పని ఏమిటో, మీ పని ఎవరు చూస్తారో చేరకముందే రాతపూర్వకంగా తీసుకోండి. అది కూడా చెప్పలేని చోట మీ వేసవి ఫొటోకాపీలు తీయడంతోనే అయిపోతుంది.